ఆదివారం బడికి ఆదివారమే కరువు: బడి వయసు పిల్లలు, తెలుగు క్రైస్తవ ఇళ్లు

క్లుప్తంగా: పిల్లలకు విశ్వాసం నేర్పే పనిని తెలుగు క్రైస్తవ కుటుంబాలు చాలాకాలంగా సండే స్కూలుకు అప్పగించాయి. చదువుల పోటీ ఆదివారాన్ని కూడా లాక్కోవడంతో ఆ పని మళ్లీ ఇంటికే వచ్చి పడింది. ఇంట్లో దానికి మిగిలింది రాత్రి పూట పావుగంట. ఆ పావుగంటలో చదివే బైబిలు తెలుగు పిల్లలకు సరిగా అందడం లేదు. దండన, బడిలో పండుగలు, ధ్రువపత్రంలో మతం, పరీక్షల భయం వంటి రోజువారీ చిక్కుల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది.

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు ఏ పట్టణ క్రైస్తవ సంఘంలోనైనా సండే స్కూలు గదిలోకి తొంగిచూస్తే పరిస్థితి ఇట్టే తెలిసిపోతుంది. చాప మీద చిన్నపిల్లలు కిక్కిరిసి కూర్చుని, చేతులు ఊపుతూ పాటలు పాడుతుంటారు. నాలుగైదు తరగతుల వరకు హాజరుకు లోటుండదు. ఏడు దాటాక వరుస పలచబడుతుంది. పదో తరగతి పిల్లల బెంచీ చాలాచోట్ల ఖాళీ. వాళ్లు అదే సమయానికి స్పెషల్ క్లాసులోనో ట్యూషన్‌లోనో ఉంటారు. హాస్టల్లో ఉన్నవారికైతే ఆదివారం అంటే పరీక్ష రాసే రోజు, లేదా అమ్మానాన్నలతో ఫోన్లో మాట్లాడే రోజు.

పిల్లలకు దేవుడంటే ఆసక్తి తగ్గిందని సంఘ పెద్దలు అంటారు. పిల్లలు మానడానికి ముందే తల్లిదండ్రులు మాన్పించారని ఉపాధ్యాయులు అంటారు. నిజానికి ఇక్కడ ముందుగా తగ్గింది విశ్వాసం కాదు, సమయం. మిగతావి దాని వెంట నడిచాయి.

పిన్నుల కార్ఖానాల ఊరిలో మొదలు

సండే స్కూలు పుట్టుకలోనే ఈ చిక్కు ఉంది. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా ముద్రాపకుడు దీనికి ఊపు తెచ్చాడు. ఆ ఊళ్లో పిన్నులు తయారుచేసే కార్ఖానాలు ఉండేవి, పేద పిల్లలు వారానికి ఆరు రోజులూ పనిలో ఉండేవారు. వాళ్లకు తీరిక దొరికేది ఆదివారం ఒక్కటే. అందుకే ఆ రోజున చదవడం నేర్పారు, పాఠ్యపుస్తకంగా బైబిలును పెట్టారు. అంటే అప్పట్లో సండే స్కూలు బడికి అనుబంధం కాదు, ఆ పిల్లలకు అదే బడి. ప్రభుత్వ బడులు వచ్చాక అక్షరాలు నేర్పే పని వాటికి వెళ్లింది, మతబోధ మాత్రం మిగిలింది. భారతదేశంలో ఈ పనికి 1876లో అలహాబాదులో ఇండియా సండే స్కూల్ యూనియన్ ఏర్పడింది.

తెలుగునాట దారి కొంచెం వేరు. 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు, 1842లో గుంటూరులో లూథరన్ మిషనరీ హేయర్ పని మొదలుపెట్టారు. తరువాతి దశాబ్దాల్లో క్రైస్తవులైన పల్లెల్లో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. పగలంతా పొలంలో ఉండేవారు కాబట్టి రాత్రి దీపం వెలుగులో కూడుకునేవారు. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించిన ఉపదేశే రాత్రి పెద్దలకు వాక్యం చెప్పి, కీర్తనలు వల్లెవేయించేవాడు. తల్లిదండ్రులకు చదువు రాదు కాబట్టి పిల్లలకు నేర్పే బాధ్యత ఉపదేశిది, ఆ తరువాత సండే స్కూలు ఉపాధ్యాయునిది అయింది. అప్పటి అవసరానికి అది చక్కగా సరిపోయిన ఏర్పాటే. చదువుకున్న తల్లిదండ్రుల తరం, ఆ తరువాత వాళ్ల పిల్లల తరం వచ్చినా అలవాటు మాత్రం మారలేదు.

ఇప్పుడు చక్రం మొదటికే వచ్చింది. ఆరు రోజులు పనిలో ఉండే పిల్లల కోసం పుట్టిన ఆదివారం బడి, ఏడో రోజు కూడా పనిలో ఉన్న పిల్లలను ఎదుర్కొంటోంది. మే నెలలో పది రోజుల పాటు జరిగే వెకేషన్ బైబిల్ స్కూలు (వి.బి.ఎస్.) ఈ లోటును కొంత పూడుస్తుంది. పాటలు, కథలు, బొమ్మలు, చివరి రోజు కార్యక్రమం అన్నీ ఉంటాయి. అయితే పెద్ద తరగతుల పిల్లలకు వేసవి కోచింగ్ కూడా మే నెలలోనే ఉంటుంది.

రాత్రి పావుగంట

పిల్లలకు ఎప్పుడు నేర్పాలో ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం చెబుతుంది: ‘నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును’. అందులో తరగతి గది లేదు, వారంలో ఒక రోజూ లేదు. ఉన్నవన్నీ ఇంట్లో, దారిలో దొరికే ఘడియలు. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే స్కూటర్ మీద బడికి దిగబెట్టే పది నిమిషాలు కూడా అందులోకి వస్తాయి.

ఆచరణలో ఇదంతా కుదించుకుని కుటుంబ ప్రార్థనగా నిలిచింది. ఒక పాట, ఒక అధ్యాయం, ఒక ప్రార్థన. తండ్రి తొమ్మిదికి ఇల్లు చేరతాడు, హోంవర్క్ ఇంకా పూర్తి కాదు, అన్నం తిన్న పిల్లవాడికి కళ్లు మూతలు పడుతుంటాయి. దీన్ని రోజూ నిలబెట్టే భారం ఎక్కువ ఇళ్లలో తల్లిదే. తండ్రి ఇంటికి యాజకుడు అని ప్రసంగాల్లో వినిపిస్తుంది గాని, కంఠత వాక్యం అప్పజెప్పించుకునేది సాధారణంగా వంటగదిలో ఉన్న అమ్మే.

సమయం దొరికినా భాష అడ్డం వస్తుంది. ఇంగ్లిషు మీడియం పిల్లవాడు ఇరవైమూడో కీర్తన తడుముకోకుండా చెబుతాడు: ‘యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు’. లేమి అంటే ఏమిటని అడిగితే ఆగిపోతాడు. నిత్యం వాడే ఆ బైబిలు గ్రాంథిక భాషలో ఉంది. బండి ఱ, ‘యొక్క’లు, ‘ప్రేమించుడి’ వంటి క్రియారూపాలు ఆ పిల్లవాడి తెలుగు వాచకంలో అరుదు. వాడుక భాషలో అనువాదాలు వచ్చాయి. అయినా ప్రార్థనలో పాతదే నిలబడింది, ఎందుకంటే పెద్దల జ్ఞాపకంలో వాక్యం ఆ లయతోనే ఉంది. కొన్ని ఇళ్లలో తల్లి తెలుగులో ఒక వచనం చదివితే పిల్లవాడు అదే వచనం ఇంగ్లిషులో చదువుతాడు. అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఈ పద్ధతి ఇంకా సహజం. చూడటానికి గందరగోళంగా ఉన్నా దీనికి ఒక ప్రయోజనం ఉంది: రెండు భాషల్లో మాట తేడాగా కనిపించిన చోట పిల్లవాడు ప్రశ్న వేస్తాడు.

ఫోను సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఆరాధనలో బైబిలు ఫోన్లో తెరిచే తండ్రి, అదే తెర మీద మధ్యలో వచ్చిన వాట్సాప్ సందేశం చూస్తే పక్కన కూర్చున్న కూతురు గమనిస్తుంది. ఆ తరువాత ఫోను గురించి ఎన్ని నియమాలు పెట్టినా ఆమె కొలిచేది ఆ దృశ్యంతోనే.

ఒక్క మాట చుట్టూ: శిక్ష

దండన విషయంలో భాషా సమస్య మరింత లోతైనది. ఎఫెసు సంఘానికి పౌలు రాసిన లేఖ, అంటే ఎఫెసీ పత్రిక, 6:4 తెలుగులో ఇలా ఉంది: ‘తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక ప్రభువుయొక్క శిక్షలోను బోధలోను వారిని పెంచుడి’. శిక్ష అని అనువదించిన చోట గ్రీకులో ఉన్న మాట పైదెయా. బిడ్డ అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది, పిల్లలను పెంచి తీర్చిదిద్దే పనంతటికీ గ్రీకులు దాన్నే వాడేవారు. సంస్కృతంలో శిక్ష అన్నా నేర్చుకోవడమే. ఆరు వేదాంగాల్లో ఒకదాని పేరు శిక్ష. శిక్షణ, శిక్షకుడు, క్రమశిక్షణ అనే మాటల్లో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ఒంటరిగా శిక్ష అన్నప్పుడు మాత్రం నేటి తెలుగువాడికి తోచేది జైలుశిక్ష, ఉరిశిక్ష. ఆ వాక్యం విన్న తండ్రికీ, ఎదురుగా నిలబడ్డ కొడుక్కీ ఒకే అర్థం తడుతుంది: దెబ్బ.

ఇక బెత్తం. బెత్తం వాడనివాడు కొడుక్కి విరోధి అని చెప్పే బైబిలు సామెతల గ్రంథం 13:24 తల్లిదండ్రుల సభల్లో తరచు వినిపిస్తుంది. అక్కడి హీబ్రూ మాట షేబెట్. ఇరవైమూడో కీర్తనలో ‘నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును’ అన్నప్పుడు దుడ్డుకఱ్ఱగా తెలుగైంది కూడా ఆ షేబెట్టే. కాపరి దాన్ని అడవి మృగం మీదికి ఎత్తుతాడు, దారి తప్పిన గొర్రెను మళ్లించడానికి చాస్తాడు. ఒకే మాట తెలుగులో రెండు మాటలుగా చీలిపోవడంతో, బెత్తానికీ ఆదరణకూ ఉన్న సంబంధం తెలుగు పాఠకుడికి కనబడకుండా పోయింది.

దీన్ని అడ్డం పెట్టుకుని బైబిలులో కొట్టడం అనేదే లేదనడం కూడా సరి కాదు. సామెతలు 23:13, 14 వచనాలు బెత్తంతో కొట్టడం గురించే సూటిగా మాట్లాడతాయి. హెబ్రీ పత్రిక పన్నెండో అధ్యాయంలో పైదెయా నొప్పితో కూడినదే. వాదన ఉన్నది ఆ ప్రాచీన సమాజపు పద్ధతి నేటికి ఆజ్ఞా, లేక దాని వెనుక ఉన్న ఉద్దేశమే ఆజ్ఞా అన్న చోట. దీని మీద సంఘాల మధ్య ఏకాభిప్రాయం లేదు. అందరూ ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది: ఎఫెసీ వచనంలో శిక్ష కంటే ముందు వచ్చేది ‘కోపము రేపక’ అన్న మాట. ప్రసంగాల్లో ఎక్కువగా జారిపోయేదీ అదే. కొలొస్సీ పత్రిక 3:21 ఇంకో అడుగు ముందుకు వేసి, పిల్లల మనసు కుంగిపోకూడదని కారణం కూడా చెబుతుంది.

చట్టం వైపు చూస్తే, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ఇంట్లో దెబ్బకు అలాంటి ప్రత్యేక నిషేధం లేదు గాని, పిల్లల పట్ల క్రూరత్వం 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద నేరం. ఫలితంగా బడిలో ఎవరూ చేయి ఎత్తని పిల్లవాడు ఇంట్లో వాక్యం పేరుతో దెబ్బ తింటే, అతనికి తేడా తెలుస్తుంది. ప్రగతి పత్రం మీద తండ్రి సంతకం తానే పెట్టేసిన ఏడో తరగతి కుర్రాడిని తీసుకోండి. కొడితే ఆ రోజుకు భయపడతాడు, తరువాతిసారి సంతకం మరింత బాగా కుదురుస్తాడు. అతనితో పాటు బడికి వెళ్లి, టీచరు ముందు నిజం చెప్పించి, అసలు సంతకం పక్కనే పెడితే అది తండ్రికీ అవమానమే, సెలవు పెట్టాల్సిన పనే. శిక్షణకు అయ్యే ఖర్చు శిక్షకు అవదు, అందుకే ఇళ్లలో రెండోదే ఎక్కువ.

ప్రసాదం, బొట్టు, పువ్వులు

2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. మిషన్ బడుల్లో తప్ప, తరగతిలో పిల్లవాడు ఒంటరిగానో మరొకరితోనో ఉంటాడు. మిషన్ బడులకు సెలవుల పట్టిక కూడా వేరు. క్రిస్మస్‌కు ఎక్కువ రోజులు, సంక్రాంతికి తక్కువ. అన్న మిషన్ బడిలో, తమ్ముడు మామూలు బడిలో చదివితే ఇద్దరూ కలిసి అమ్మమ్మ ఊరికి వెళ్లే వీలు సగమే.

వినాయక చవితి మరునాడు స్నేహితుడు ఉండ్రాళ్లు తెచ్చి, ఇది ప్రసాదం అంటాడు. ఈ సమస్య కొత్తది కాదు. కొరింథులో విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి పౌలు రాసినది దీని గురించే. భోజనానికి పిలిస్తే ఆరా తీయకుండా తినండి, ఎవరైనా ఇది అర్పించినదని చెబితే చెప్పినవాని కోసం తినకండి అన్నది 1 కొరింథీ 10:27, 28 సారాంశం. ఉండ్రాళ్లు పేరు చెప్పుకునే వస్తాయి కాబట్టి చాలా ఇళ్లు రెండో సగాన్నే పాటిస్తాయి. పౌలు దృష్టి పెట్టింది పదార్థం మీద కాదు, ఎదుటి మనిషి మనస్సాక్షి మీద. పిల్లలకు ‘ముట్టుకోవద్దు’ అని మాత్రమే నేర్పితే ఆ సగం పోతుంది, మిగిలేది స్నేహితుడి చేతిని తోసేయడం. వద్దని చెప్పడమూ ఒక నేర్పే. సండే స్కూల్లో తప్పకుండా చెప్పే దానియేలు కథలో అది ఉంది: బబులోనుకు బందీగా వెళ్లిన అతను రాజు పెట్టే భోజనం వద్దనుకున్నా అధికారి మీద తిరగబడలేదు, పది రోజులు పరీక్షించి చూడమని అడిగాడు. బబులోను చదువు చదివాడు, వాళ్లు పెట్టిన పేరు భరించాడు, భోజనం దగ్గర మాత్రం గీత గీశాడు. ఏది ఒప్పుకోవచ్చు, ఏది కూడదు అన్న విడదీత ఆ కథకు ప్రాణం. పాఠానికి బొమ్మలు అంటించే ఫ్లానెల్ బోర్డు మీద మాత్రం దానియేలును వేసిన గుహలోని సింహాలదే పెద్ద బొమ్మ.

బొట్టు విషయం ఆడపిల్లలకే. వార్షికోత్సవంలో కూచిపూడి నృత్యానికి ఎంపికైన అమ్మాయికి బొట్టు, జడనిండా పువ్వులు, నగలు తప్పవు. కొన్ని పెంతెకొస్తు, బ్రదరన్ సంఘాల్లో ఈ మూడూ కూడవు. లూథరన్, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఇళ్లలో నగలు, పువ్వులు మామూలే. కాబట్టి ‘క్రైస్తవులు ఇలా చేయరు’ అని తల్లి చెప్పిన మాటను, అదే తరగతిలోని మరో క్రైస్తవ అమ్మాయి జడలోని మల్లెలు ఖండిస్తాయి. ‘మన సంఘంలో ఇలా’ అని చెప్పిన తల్లికి ఆ ఇబ్బంది రాదు.

హక్కుల మాటకొస్తే, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే బడిలో సంరక్షకుల అనుమతి లేకుండా మైనరును మతబోధకు గాని, ఆరాధనకు గాని హాజరు కమ్మనకూడదు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, జాతీయగీతానికి లేచి నిలబడి, పాడకుండా ఉన్న ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లలను కేరళ బడి తొలగించడం తప్పని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అయితే మిషన్ బడిలో ఉదయ ప్రార్థనకు నిలబడే హిందూ, ముస్లిం పిల్లలకూ ఈ 28వ అధికరణమే వర్తిస్తుంది. తమ పిల్లల కోసం దాన్ని గుర్తు చేసుకునేవారు ఈ సంగతిని మరచిపోతుంటారు.

ఫారంలోని ఒక గడి

బడి ఇచ్చే ఫారాల్లో మతం అని ఒక గడి ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సి కిందికి వస్తారు. ఎస్సీలకు రిజర్వేషన్ 15 శాతం, బీసీ-సికి 1 శాతం. ఈ అంతరం వల్ల గుడికి కాక చర్చికి వెళ్లే చాలా కుటుంబాల పత్రాల్లో హిందూ అనే ఉంది. బడిలో ఒక పేరు, సంఘంలో ఒక పేరు ఉన్న పిల్లలు ఊరూరా కనిపిస్తారు.

క్రైస్తవాన్ని ఆచరిస్తూ రిజర్వేషన్ కోసమే ఎస్సీ హోదా కోరడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో వ్యాఖ్యానించింది. మరోవైపు, మతం మారినా కులవివక్ష పోలేదు కాబట్టి హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. ఈ ప్రశ్నను పరిశీలించేందుకు జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను కేంద్రం 2022లోనే వేసింది.

న్యాయస్థానాల వాదన ఎలా ఉన్నా, ఇంట్లో ప్రశ్న వేసేది పదేళ్ల పిల్ల. అబద్ధ సాక్ష్యం పలకకూడదని ఆదివారం కంఠస్థం చేసి, సోమవారం తన ఫారంలో మరో మతం చూస్తుంది. కొందరు తల్లిదండ్రులు మాట దాటేస్తారు. కొందరు బీసీ-సి అని రాయించుకుని సీటు పోయినా భరిస్తారు. మరికొందరు 1950 నాటి ఉత్తర్వు దగ్గర్నుంచి కథంతా విప్పి చెబుతారు: తాత ఏ బావి దగ్గర నీళ్లు తోడనిచ్చేవారు కాదో, మతం మారినా ఆ బావి గట్టు మారలేదని. మూడో దారి పిల్లల వయసుకు బరువే. అయినా మౌనం కంటే ప్రశ్నకు అదే దగ్గరగా నిలుస్తుంది.

పెన్నుల మీద ప్రార్థన

పదో తరగతి పరీక్షలు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల్లోనో వాటికి అటూ ఇటూనో వస్తాయి. పరీక్షలకు ముందు ఒక ఆదివారం చాలా సంఘాల్లో పిల్లలను ముందుకు పిలిచి ప్రార్థన చేస్తారు. కొన్నిచోట్ల హాల్ టికెట్లు, పెన్నులు కూడా సంఘ కాపరి చేతికి ఇస్తారు. గుడిలో పెన్ను దేవుడి పాదాల దగ్గర పెట్టి తెచ్చుకునే స్నేహితుడికి ఇది వెంటనే అర్థమవుతుంది. భయంలో ఉన్న పిల్లలకు ఊరంతా తమ వెనక ఉందన్న ధైర్యం దీనివల్ల వస్తుంది, అది చిన్న సంగతి కాదు.

చిక్కు ఆ తరువాత వస్తుంది. మార్కులు బాగా వస్తే దేవుడు ఇచ్చాడని సాక్ష్యం చెబుతారు. తగ్గితే? ప్రార్థన సరిగా చేయలేదని, ఫోను పట్టుకు కూర్చున్నావని, సంఘానికి రాలేదని తప్పు పిల్లవాడి మీదికే వెళుతుంది. సంఘానికి రాకుండా స్పెషల్ క్లాసుకు పంపింది తామేనన్న మాట ఆ సమయంలో ఎవరికీ గుర్తు రాదు. చదివితే మార్కులు, మొక్కితే ఫలితం అనే లెక్క బయట ఎలా ఉందో లోపలా అలాగే నడుస్తుంది, మాటలు మాత్రమే వేరు.

ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం, ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారి పేర్లు చదివి, ముందుకు పిలిచి బహుమతులు ఇస్తారు. కొత్త బట్టల్లో ఐదారుగురు వరుసగా నిలబడతారు. పెన్ను మీద ప్రార్థన చేయించుకున్న రోజున ఆ వరుసలో పాతికమంది ఉన్నారు. మిగతావారి పేర్లు ఎవరూ చదవరు, వాళ్లు ఆ రోజు వచ్చారో లేదో కూడా ఎవరూ లెక్కపెట్టరు. సండే స్కూలు గదిలో ఖాళీగా ఉన్న బెంచీ మీదికి ముందుగా తిరిగి రావలసింది వాళ్లే.